భీమిలిలో నాలుగో పని

విదేశంలో, హాలిఫాక్స్ నగరంలోని ఒక వృద్ధాశ్రమంలో ఎవరిని ముట్టుకునే ముందైనా ఎలియాజరు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటాడు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం ఈ పార్ట్‌టైమ్ పని. ఎక్కడా తొందరపడడు. ఎడ్నా గారి గదిలో మరీ నెమ్మది. ఆవిడ తండ్రి మిషనరీ. పదేళ్లు వచ్చేదాకా ఆవిడ పెరిగింది భీమిలిలో, ఇతని ఊళ్లోనే. ఆయా దగ్గర నేర్చిన తెలుగు ఇంకా నాలుక మీదే ఉంది. వేసవిలో ఊరికి వెళ్తున్నానని అతను చెప్పగానే నాలుగు పనులు అప్పగించింది: లైట్‌హౌస్ చూడాలి, గోస్తని నది సముద్రంలో కలిసేచోట కాళ్లు తడపాలి, తాటిముంజెలు తినాలి, మూడేళ్లకే పోయిన తమ్ముడి సమాధి మీద హాలిఫాక్స్ సముద్రపు ఒడ్డున ఏరిన గులకరాయి ఉంచాలి. మొదటి మూడూ స్నేహితులతో సరదాగా అయిపోయాయి. సమాధుల తోట గేటు దగ్గర మాత్రం, "ఇంత ఎండలో సమాధులేట్రా, బండెక్కు!" అన్నారు వాళ్లు. ఎక్కేశాడు. రేపు వద్దామనుకున్నాడు, మళ్లీ వెళ్లలేదు.

తిరిగొచ్చిన మొదటి రోజే ఆవిడ అడిగింది. "రాయి మా తమ్ముడి సమాది మీద ఎట్టావేటి బాబూ?"

"ఎట్టానండి."

"ఆడి పేరు కనబడతందా?"

"బాగా కనబడతందండి. సుట్టూ గడ్డి పీకేసి మరీ ఎట్టాను."

రాయి అతనితోనే తిరిగొచ్చి, గోడకు తగిలించిన కోటు జేబులో ఉంది. ఆవిడ కళ్లు మూసుకుంది. తర్వాత, దుప్పటి సర్దబోయిన అతని చేతులు పట్టుకుని, "ఏటిరా, ఇయ్యాల ఇంత సల్లగున్నాయి?" అంది. రుద్దుకోవడం మరిచిపోయాడు. ఆవిడ ఆ చేతుల్ని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, వెచ్చబడేదాకా రుద్దుతూ కూర్చుంది.