నేను తాగని మందు

నేను ఒక టీకాను పురిట్లోనే చంపబోయిన ఘనుణ్ణి. కత్తితో కాదు, ఒక్క తెలుగు మాటతో.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల చెరువుల్లో పని. మా మేనమామ కామెర్లతో పోయాడు. అందుకే నెల్లూరు ఆసుపత్రి ఒకటి కొత్త హెపటైటిస్ టీకా పరీక్షకు మనుషులు కావాలంటే అందరికంటే ముందు చెయ్యి చాచాను. మా అమ్మ మాత్రం కామెర్ల సూదికి కామెర్లే వస్తాయని తీర్మానించి, ముందుజాగ్రత్తగా మూడు రోజులు పరగడుపున నాచేత ఆకు పసరు తాగించింది.

సూది వేసిన వారానికి రక్తం తీసి చూస్తే నా కాలేయం దెబ్బతింటోందని తేలింది. టీకా వల్లేనేమోనని డాక్టరమ్మ అందరికీ సూదులు ఆపేసింది. తోడొచ్చిన మా పాస్టరు గారి ముందే ఆమె అడిగింది.

“ఈ వారంలో మందేమైనా తీసుకున్నావా?”

ఎంత మాటండీ. నేను సంఘపెద్ద కొడుకుని. గుమ్మడికాయల దొంగంటే జనం భుజాలు తడుముకుంటారు, నేను చొక్కా విప్పి చూపించినంత పని చేశాను.

“మందా మేడమ్? మా ఇంటా వంటా లేదు. బైబిలు మీద చెయ్యేసి చెప్తా.”

పాస్టరు గారు గర్వంగా తలూపారు. డాక్టరమ్మ ‘మందులేవీ లేవు’ అని రాసుకుంది. ఇక నేరమంతా టీకాదే అయింది. ఏళ్ళ తరబడి దానికోసం కష్టపడ్డ ఆవిడ ముఖం పాలిపోయింది. నేనేమో అద్దంలో కళ్ళు చూసుకుంటూ, నా భూస్థాపనకు ఏ పాటలు పాడాలో కూడా ఎంచిపెట్టుకున్నాను.

చివరికి ఆమె మా ఇంటికే వచ్చింది. అమ్మ కాఫీ ఇచ్చి నా తరఫున సాక్ష్యం చెప్పింది.

“మావోడు మందు ముట్టడు మేడమ్. నేనిచ్చిన పసరు తప్ప ఏం తాగలా.”

డాక్టరమ్మ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

“నేనడిగింది ఆ మందే గదా నాయనా,” అంది నావైపు తిరిగి.

సిగ్గుతో చచ్చాను. కొన్నాళ్ళకు కాలేయం కుదుటపడింది, పరీక్షా మళ్ళీ మొదలైంది. అసలు పిడుగు అన్నీ ముగిశాక పడింది. ఇలాంటి పరీక్షల్లో కొందరికి టీకా, కొందరికి ఒట్టి ఉప్పునీళ్ళు వేస్తారట. ఎవరికేదో చివరిదాకా వేసినవాళ్ళకూ తెలియదట. నాకు పడింది ఉప్పునీళ్ళు. నా ఒంట్లోకి అడుగే పెట్టని టీకా మీద హత్యానేరం మోపానన్నమాట.

అందుకే ఇదే నా శపథం: ఇకమీదట ఎవరు మందని అడిగినా, “సీసాలోదా, చీటీలోదా, మా అమ్మ నూరిందా?” అని తేల్చుకోనిదే నోరు విప్పను.