తాళం నా జేబులోనే ఉంది

2023 వేసవి. షార్జాలో సజ్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక గ్యారేజీలో నేను ఎలక్ట్రికల్ మెకానిక్‌ని. మాది కడప, పేరు ఖాజా. గ్యారేజీలో నన్ను పిరికి ఖాజా అంటారు. వెనకాల అనేవాళ్ళు కొందరు, ముఖం మీదే అనేవాళ్ళు కొందరు. బండి కిందికి దూరే ముందు స్టాండ్లను నాలుగుసార్లు ఊపి చూస్తానని, బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టమని అందరి ప్రాణం తీస్తానని ఆ పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఈ పనిలో భయం లేనివాడి పక్కన నిలబడాలంటేనే నాకు భయం.

ఆ రోజు వచ్చింది ఒక హైబ్రిడ్ కారు. హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్ ఒకటి, పెద్ద బ్యాటరీతో నడిచే కరెంటు మోటారు ఒకటి, రెండూ ఉన్న బండి. దుబాయ్‌లో టాక్సీల నుంచి ఇంటి బండ్ల దాకా ఇప్పుడు ఎక్కడ చూసినా ఇవే. దీనితో వచ్చిన చిక్కల్లా ఒకటే. బటన్ నొక్కితే చప్పుడు రాదు. డ్యాష్‌బోర్డు మీద రెడీ అని చిన్న దీపం వెలుగుతుంది, అంతే. బయట నిలబడ్డవాడికి బండి నిద్రపోతున్నట్టే ఉంటుంది. బ్యాటరీ తగ్గిందనిపించినప్పుడు ఇంజన్ ఎవరినీ అడగకుండా తనంతట తానే లేస్తుంది.

బండి తెచ్చినతని పేరు రవీందర్. కరీంనగర్ మనిషి, అల్ కుసైస్‌లో కాపురం, ఏదో ఆఫీసులో ఉద్యోగం. విజిట్ వీసా మీద వచ్చిన వాళ్ళమ్మ కూడా వెంట ఉంది. మలుపు తిప్పితే కుడివైపు ముందు చక్రం దగ్గర టకటకమంటోందని చెప్పాడు. నడిపి చూశాం. యాక్సిల్ పోయింది. ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే ఇనుప కడ్డీని మేము యాక్సిల్ అంటాం. లిఫ్టులు రెండూ ఖాళీ లేవు. అందుకని బండి ముందు భాగం జాకీతో లేపి, జాక్ స్టాండ్ల మీద, అంటే బండి బరువు మోసే ఇనుప కాళ్ళ మీద నిలబెట్టి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టాం.

పని యేసుబాబుది. అమలాపురం వైపు వాడు, ఇంజన్ పనిలో చెయ్యి తిరిగినవాడు. వాడి భార్య మార్తమ్మ ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తుంది. కిందికి దూరే ముందు వాడు పెళ్ళి ఉంగరం, ఫోను నాకిచ్చి వెళ్తాడు. అది మా ఇద్దరి మధ్య అలవాటైపోయింది. కస్టమర్ దగ్గర తాళం తీసుకుని నేను జేబులో వేసుకున్నాను. జేబులో పెట్టుకుంటే చాలు, డోరు తెరిచి బటన్ నొక్కితే పని చేసే స్మార్ట్ కీ అది. అలాంటి తాళం బండికి దూరంగా మన దగ్గరుంటే బండి చచ్చినట్టే లెక్క. మా గ్యారేజీలోనే కాదు, ఆ వీధిలో అందరి లెక్కా అదే.

"అమ్మా, ఆ గదిలో కూసోండి, ఏసీ ఉండాది" అని ఆవిడకు కస్టమర్ల గది చూపించి, నేను అవతల ఇంకో కారు వైరింగ్ పట్టుకున్నాను. ఆ ఏసీ గాలి కంటే చప్పుడే ఎక్కువ చేస్తుందని నాకు తెలుసు. అయినా బయటి ఎండ కంటే నయం కదా అనుకున్నాను.

కాసేపటికి యేసుబాబు గొంతు వినబడింది.

"ఖాజా అన్నా, బండి కదపకండి బాబూ, చెయ్యి లోపలుంది."

"నేను ఈడున్నానప్పా, ఎవరు కదిపినారు?" అన్నాను. ఏ గాలికో ఊగిందేమో అనుకుని మళ్ళీ వైర్లలో తల పెట్టాను.

ఇంకాసేపటికి మళ్ళీ పిలిచాడు. "అన్నా, నీళ్ళు కారుతున్నాయండి. మెడ మీద పడుతున్నాయి. కూలెంట్ పైపు గానీ కోసుకుపోయిందంటారా?"

కూలెంట్ అంటే ఇంజన్‌ను చల్లబరిచే రంగు నీళ్ళు. ఆ బండిలో అది గులాబీ రంగులో ఉంటుంది. వెళ్ళి వంగి చూశాను. నేల మీద చిన్న మడుగు కట్టింది. వేలితో తాకాను. రంగు లేదు, జిగురు లేదు. చల్లగా ఉంది.

ఆ ఎండలో గ్యారేజీలో చల్లగా ఉండే వస్తువు ఒక్కటీ లేదు. పానాలు సైతం కాలుతుంటాయి. అవి ఏసీ నీళ్ళు. కారులో ఏసీ నడుస్తుంటేనే ఆ నీళ్ళు కారతాయి. ఏసీ నడవాలంటే బండి రెడీలో ఉండాలి. జేబు తడుముకున్నాను. తాళం నా జేబులోనే ఉంది.

తాళం లేకుండా బండి ఎలా లేచిందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాని కింద మనిషి పడుకుని ఉన్నాడు. వాడి చెయ్యి భుజం దాకా లోపలికి పోయి, యాక్సిల్‌ను పట్టుకుని ఉంది. అద్దాలకు నల్ల ఫిల్ము, లోపల ఎవరున్నారో కనబడదు. ఎవరో ఉన్నారని మాత్రం తెలిసింది. ఇందాక బండి ఊగింది వాళ్ళు ఎక్కినందుకే. గేరు పార్కింగులో ఉన్నంతసేపు యాక్సిల్ తిరగదు. లోపలున్నవాళ్ళు ఉలిక్కిపడి గేరు కదిపితే తిరుగుతుంది. తిరిగితే ఆ చెయ్యి ఉండదు. గేరు కదపకపోయినా, ఇంజన్ లేచిన అదురుకు స్టాండ్ల మీద బండి ఎలా ఉంటుందో ఖుదాకే తెలియాలి.

అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే పైనున్నవాడు బెదురుతాడు, కిందున్నవాడూ బెదురుతాడు. నేల మీద కూర్చుని, టీకి పిలిచినంత మామూలుగా మాట్లాడాను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"యేసుబాబూ, పని ఇడిసిపెట్టు. చెయ్యి నిదానంగా ఎనక్కి తీస్కో."

"ఇంకొక్క పట్టు పడితే వచ్చేత్తాదన్నా."

"వద్దు. ఖలాస్. చెయ్యి తీ."

నా ముఖం చూసి వాడు పట్టు వదిలాడు. చెయ్యి సగం వచ్చి ఆగిపోయింది. యాక్సిల్ రబ్బరుకు బిగించిన క్లిప్పు కొసకు చొక్కా చేతి అంచు తగులుకుంది. వాడు లాగుతున్నాడు, గుడ్డ చిరగడం లేదు. సరిగ్గా అప్పుడే నా జేబులో వాడి ఫోను మోగింది. తీసి చూస్తే మార్తమ్మ పేరు. ఎత్తలేను, కట్ చేయడానికీ చేతులు రాలేదు. ఆ ఫోను మోగుతుంటే, ఎత్తితే ఆమెకు ఏం చెప్పాల్సి వస్తుందోనన్న ఆలోచన ఒక్కటే నా బుర్రలో తిరిగింది. అల్లా, ఈ ఫోను వాడి చేతికే ఇచ్చేలా చూడు అనుకున్నాను.

"అన్నా, రావట్లేదండి" అన్నాడు.

"లాగొద్దు. ముందుకు తోసి, కిందికి దించు."

గుడ్డ వదిలింది. చెయ్యి బయటికొచ్చింది. వాడి రెండు కాళ్ళూ పట్టుకుని, వాడు పడుకున్న చక్రాల పలకతో సహా ఇవతలికి ఈడ్చేశాను. వాడు లేచి కూర్చుంటుండగానే ఇంజన్ తనంతట తానే లేచింది. బండి స్టాండ్ల మీద ఒక్కసారి అదిరి నిలబడింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

వెళ్ళి డ్రైవర్ అద్దం మీద మెల్లగా తట్టాను. అద్దం దిగింది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. రవీందర్ ఫోను చూసుకుంటున్నాడు. వెనక సీట్లో వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని ఒరిగి ఉంది.

"అయిపోయిందా అన్నా?" అన్నాడు.

"ముందు బండి ఆపు సార్. దేన్నీ ముట్టుకోవద్దు. తాళం నా తాన ఉంటే ఎట్ల లేచింది ఇది?"

"ఇంకోటి అమ్మ బ్యాగుల ఉన్నది కదా. ఆ రూముల అమ్మకు ఊపిరాడుత లేదంటే తీస్కొచ్చి కూసోబెట్టిన. ఇంజన్ చాలు చెయ్యలే అన్నా, ఏసీ ఒక్కటే పెట్టిన."

అతను అబద్ధం చెప్పలేదు. చప్పుడు రాలేదు కాబట్టి ఇంజన్ పెట్టలేదనే నమ్మాడు. ఈ దేశంలో ఎండ నుంచి తప్పించుకోవాలంటే అందరం కారులోకే పరిగెత్తుతాం. హోటల్ ముందు హారన్ కొడితే టీ సీటు దగ్గరికే వస్తుంది. దిగడమన్న అలవాటే పోయింది. పని జరుగుతున్నది కుడివైపు, అతను ఎక్కింది ఎడమవైపు. బండి ముందు భాగం ఎత్తి ఉందని తెలిసినా, ఊడదీసిన చక్రమూ కనబడలేదు, కింద మనిషీ కనబడలేదు. దిగి ఇటు వచ్చి, చక్రం లేని చోటునూ నేల మీద కూర్చున్న యేసుబాబునూ చూశాక అతనికి సంగతి అర్థమైంది. అక్కడే టైరు మీద కూలబడ్డాడు.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి యేసుబాబు చేతికే ఇచ్చాను.

"ఆయ్, ఏం లేదు, పనిలో ఉన్నాను. అన్నం తిన్నావా నువ్వు?" అన్నాడు. ఉంగరం వేలికి ఎక్కించడానికి నేనే సాయం పట్టాను. నా అసలు భయం ఆ తర్వాత వచ్చింది. రాత్రి మేముండే లేబర్ క్యాంపులో అన్నం ముందు కూర్చుంటే చల్లటి నీళ్ళు తాకిన వేలు ముద్ద కలపనివ్వలేదు.

మరునాటి నుంచి మా దగ్గర పద్ధతి మారింది. మనిషి కిందికి వెళ్ళే ముందు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయాలి. అది లేకపోతే ఎన్ని తాళాలున్నా బండి లేవదు. కిందికి వెళ్ళేవాడు తన టోపీ డ్రైవర్ సీట్లో పెట్టి వెళ్ళాలి. ఎవరైనా కూర్చోవాలంటే ముందు ఆ టోపీ తీయాలి, తీసేటప్పుడు కింద ఒకడున్నాడని గుర్తొస్తుంది. టోపీ ఆలోచన యేసుబాబుదే. నన్ను పిరికి ఖాజా అనడం కూడా వాడే ముందు మానేశాడు. ఇక నేను ప్రతి కస్టమర్‌నూ అడుగుతాను, ఇంకో తాళం ఎక్కడుంది అని. మా మీద నమ్మకం లేదా అని కొందరు మొహం మాడ్చుకుంటారు. నమ్మకం లేకపోవడం వాళ్ళ మీద కాదు, నా జేబు మీద. నాకు తెలిసిన తాళం వల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

ఊరికి వెళ్ళే ముందు రవీందర్ వాళ్ళమ్మ ఇంకోసారి వచ్చింది, బ్రేకులు చూపించడానికి కొడుకుతో పాటు. బండి ఆగగానే దిగి, గది వైపు వెళ్ళకుండా సంచి వెతుకుతూ నేరుగా యేసుబాబు దగ్గరికి నడిచింది. రెండో తాళం తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు తనే మూసింది.

"బిడ్డా, పని అయిందాక గిది నీ తాననే ఉంచుకో. నేను ఎండల కూసుంట, నాకేం గాదు."