ఏలియా తాగలేదు

నాచారంలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ నడిపే ఏలియాకు తోడల్లుడు విజయ్ కుమార్‌ని చూస్తే ఒళ్లు మండేది. విజయ్ ఏసీలు బాగుచేస్తాడు, చిల్కానగర్‌లో ఉంటాడు. ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే భార్య రోజీతో ఏలియా ఇంటికి వచ్చి, కారంకారంగా తలకాయ కూర తిని, సాయంత్రం రెండు పెగ్గులు వేసి హాయిగా నిద్రపోతాడు. ఏలియా ఎదురుగా కూర్చుని పెరుగన్నం కలుపుకునేవాడు. చిన్నప్పటినుంచీ అతనికి కడుపునొప్పి, నోట్లో చేదు. మందు ముట్టి ఎరగడు.

“మా విజయ్‌కి రాళ్లు తిన్నా అరుగుతయి,” అనేది ఏలియా భార్య లూర్దమ్మ, చెల్లెలి మొగుడికి ఇంకో ముక్క వేస్తూ. ముక్క పోతే పోనీ, ఆ మాటలోని మురిపెం ఏలియాకు మింగుడుపడేది కాదు.

ఒక మధ్యాహ్నం మిషన్ దగ్గరే నెత్తురు కక్కుకుని పడిపోయాడు. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో చేర్చారు.

“మందు అలవాటుందా?” డాక్టరమ్మ అడిగింది.

“లేదు మేడం. ఎన్నడు తాగలె.”

లూర్దమ్మ అదోలా చూసింది. “నిజం జెప్పు. దోస్తులతోని ఎప్పుడన్న…”

వారం వారం తాగేవాడు గుమ్మంలో గుండులా నిలబడి ఉంటే, అనుమానం తన మీదా! పైగా రక్తం ఎక్కించాల్సి వస్తే సరిపడింది విజయ్‌దే.

“ఫికర్ జెయ్యకన్నా, నా దగ్గర మస్తుగుంది,” అంటూ విజయ్ చొక్కా చెయ్యి మడిచాడు. ఏలియా గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడి నెత్తురుకు కూడా వంక పెట్టడానికి లేదు.

గొంతులోంచి కెమెరా గొట్టం వేసి చూశాక, స్కాన్ కూడా చేయించి డాక్టరమ్మ మళ్లీ వచ్చింది.

“మేడం, వీళ్ల ముంగటనే చెప్పున్రి,” అన్నాడు ఏలియా.

“కాలేయం నుంచి పైత్యరసం తెచ్చే నాళం పేగులోకి తెరుచుకోవాలి. ఈయనకు పుట్టుకతోనే అది పొట్టలోకి తెరుచుకుంది. చాలా అరుదు. ఆ రసం ఏళ్ల తరబడి పొట్టగోడను పుండు చేసింది. రక్తం పోయింది అందుకే. తాగుడుతో సంబంధం లేదు.”

లూర్దమ్మ “తప్పైంది,” అంది. ఏలియా మాత్రం విజయ్‌నే చూస్తున్నాడు. పుట్టడంలోనే వాడు తనకన్నా అదృష్టవంతుడనిపించింది.

ఆపరేషన్ చేసి నాళాన్ని పేగుకు కలిపారు. కోలుకుని చర్చికి వెళ్లిన మొదటి ఆదివారం, జనమంతా విజయ్ చుట్టూ మూగి ఉన్నారు. ఏలియా జబ్బు గురించి అతను చేతులు తిప్పుతూ చెబుతుంటే నోళ్లు తెరుచుకుని వింటున్నారు. జబ్బు తనది, కోత తనది, పేరు మళ్లీ వాడికే!

“అయితే ఆ నాళం ఏడ తెరుసుకుంది?” ఎవరో విజయ్‌నే అడిగారు.

ఏలియా అందర్నీ తోసుకుంటూ మధ్యలోకి వచ్చాడు. “జర ఆగు తమ్మీ. నాది నేను చెప్పుకుంట.”

విజయ్ నవ్వి పక్కకు జరిగాడు. ఏలియా గొంతు సవరించుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.