మా ఇంట్లో దిగిన పుట్టిల్లు

నా భార్యకు బ్యాంకులో ప్రమోషన్ మీద సికింద్రాబాద్ బదిలీ వచ్చేసరికి మా పెళ్లయి నాలుగు నెలలు. నేను విశాఖపట్నంలో పంపులు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజినీరుని. ఇద్దరిలో ఒకరు ఉద్యోగం వదులుకోవాలి. ఆమెది పర్మనెంటు. నాలాంటి పని హైదరాబాదులోనూ దొరుకుతుంది. అందుకని నేనే రాజీనామా చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత మా అత్తగారు దీన్ని వేరే రకంగా చెప్పుకుంటూ వచ్చారు.

చిలకలగూడలో ఒక పాత ఇంటి పై వాటా అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటావిడ ఉంటుంది. వీధిలోకి ఒకటే తలుపు. అది దాటితే కింది హాలు, ఆ హాల్లోంచే పైకి మెట్లు. సామాను లారీ వచ్చిన రోజే మా అత్తగారు కూడా రాజమండ్రి నుంచి దిగారు, సర్దడానికి సాయమని. వంటిల్లు సర్దడం పూర్తవుతుండగా ఆషాఢం వచ్చింది.

ఆవిడ వాదన అంచెలంచెలుగా నడిచింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఆషాఢమాసం పుట్టింట్లో ఉండాలి. ఆ నెల అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు. అమ్మాయికి సెలవు దొరకదు కనుక పుట్టింటికి పంపడం కుదరదు. కాబట్టి తల్లి ఎక్కడుంటే అదే పుట్టిల్లు. ఇక మిగిలింది నేను.

"ఈ నెల్లాళ్లూ ఇది దాని పుట్టిల్లనుకోండి బాబూ," అన్నారు. "మీకేముంది, ఆఫీసా పాడా? ఎక్కడున్నా ఒకటే."

నా భార్య కుక్కర్ మూత తుడుస్తూ, ఒక్క నెలేగా అంది. తల ఎత్తలేదు.

ఆ పూటే మౌలాలిలో ఒక క్లాస్‌మేట్ గదికి వెళ్లాను. ముగ్గురుండే గదిలో నాలుగోవాణ్ణి. దండెం మీద ఎవరివో లుంగీలు ఆరుతుండగా వాటికి వీపు పెట్టి వీడియో కాల్లో ఇంటర్వ్యూలు ఇచ్చాను. నా కంప్యూటర్ చిలకలగూడలో ఉండిపోయింది. కావలసిన డ్రాయింగులు నా భార్య పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆఫీసుకు వెళ్తూ స్టేషన్ దగ్గర ఇచ్చేది. అమ్మ ఏం చేస్తోందని నేను అడగకుండానే చెప్పేది. నా టేబుల్ మీద దేవుడి పటాలు పెట్టిందట. నా టూల్‌బాక్సు అడ్డంగా ఉందని డాబా మీదికి చేర్చిందట. రోజూ సాయంత్రం వాన పడుతున్న రోజులవి. అమ్మ బంధువులకు ఫోన్ చేసి, అల్లుడు మా అమ్మాయి వెంట వచ్చేశాడు, ప్రస్తుతం ఖాళీ, అని చెబుతోందట.

టూల్‌బాక్సును క్షమించవచ్చు. తుప్పు గీకితే పోతుంది. ఆ 'ఖాళీ' అన్న మాట ఊరంతా తిరిగి మా నాన్న చెవిన పడింది. ఏరా, నిన్ను ఇంట్లోంచి పంపేశారటగా అని ఆయన ఫోన్లో అడిగిన రోజున, ఆవిడ నోటితోనే ఈ లెక్క తప్పని ఒప్పించాలని నిర్ణయించుకున్నాను. పోట్లాడితే నేనే చెడ్డవాణ్ణవుతాను. ఆవిడ నియమాన్ని ఆవిడకే అప్పజెప్పాలి. అది ఎలాగో తెలియలేదు.

తెలియజేసింది ఇంటావిడ. అద్దె ఇవ్వడానికి వెళ్లి గుమ్మం బయటే నిలబడితే నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందయ్యా, నీ ఇంటికి నువ్వే సుట్టం లెక్క నిలవడ్డవ్?"

సంగతి చెప్పాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"గిదేం లెక్క బిడ్డా? మాకు ఆషాఢంలనే బోనాలు. అల్లుండ్లు రాకుంటె మేమే ఫోన్ జేసి తిడ్తం. ఐతారం నువ్వు సుత రా. మా అల్లుండ్లతోని కూసుందువు."

వెళ్లబోతూ కిందికి చూశాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన గడప. పైన మా వాటాకు గడప లేదు, ఉత్త సిమెంటు నేల. అంటే ఆ ఇంటి మొత్తానికి గడప ఇదొక్కటే.

ఆదివారం పొద్దున్న తల్లీకూతుళ్లు మోండా మార్కెట్‌కు కూరగాయలకు వెళ్తారు. వాళ్ల ఆటో సందు మలుపు తిరిగేదాకా ఎదుటి వైపు నిలబడి, గడప దాటి హాల్లో కూర్చున్నాను. ఇంటావిడ అల్లుళ్లిద్దరూ అప్పటికే అక్కడున్నారు. లోపల బగారన్నం ఉడుకుతోంది. వీధిలో డప్పులు షురూ అయ్యాయి.

వాళ్లు తిరిగొచ్చారు. అత్తగారు ఒక కాలు ఎత్తి, నన్ను చూసి, వెనక్కి పెట్టేశారు.

"అమ్మాయీ, ఆయన్ని కాసేపు బయటికి రమ్మను."

"నేను ముందొచ్చాను అత్తయ్యగారూ," అన్నాను. "ఆషాఢం వెళ్లేదాకా లేవను. మీరు లోపలికి వస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. నియమం మీదే."

ఇంటావిడ పెద్దల్లుడు పక్కకు తిరిగి దగ్గాడు. అత్తగారి ముఖం ఎర్రబడింది. పట్టింపు వదిలి లోపలికి రావచ్చు. కానీ వస్తే, ఇన్నాళ్లూ నన్ను బయట ఉంచింది ఆషాఢం కాదని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. రాలేదు. కూతురి వైపు చూశారు.

నేనూ చూశాను. నిజానికి ఆ ఉదయమంతా నా భయం ఈ ఒక్క క్షణం గురించే. నా భార్య రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. వాటితోనే గడప దాటి, నా పక్కనుంచి, మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

ఇంటావిడ వీధి అరుగు మీద కుర్చీ వేయించి, "తక్లీఫ్ ఏం లేదు వదినా, నీకు ఈడ్నే పెడ్త," అని అత్తగారికి అక్కడే విస్తరి పరిచింది. లోపల నేను అల్లుళ్ల వరసలో కూర్చుని తిన్నాను. అడిగి మరీ రెండోసారి వడ్డించుకున్నాను. కిటికీలోంచి ఆవిడ వీపు కనిపిస్తోంది. మౌలాలి గదిలో తిన్న కర్రీపాయింట్ కూరలన్నీ తలుచుకుంటూ నెమ్మదిగా తిన్నాను. అంత రుచిగా ఈ ఊళ్లో ఇంతవరకూ మళ్లీ తినలేదు.

సాయంత్రం ఆవిడ మల్కాజిగిరిలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. నేను పైకి వెళ్లాను. పటాలు అప్పటికే గోడకు చేరాయి. టేబుల్ మీద నా కంప్యూటర్ ఉంది. నా భార్య ముఖం ఉబ్బి ఉంది.

"మీరు చేసింది బాగాలేదు," అంది.

"తెలుసు."

"అమ్మ ఇంక ఈ ఇంటికి రాదు."

"వస్తారు," అన్నాను. "తలుపు మాత్రం నేను తీస్తాను."