రైలును ముట్టి వచ్చిన పాప

పోయిన వేసవిలో జరిగింది. టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాం. వీధిలో అంతా హిందీయే కనుక, మా నాలుగేళ్ల సుధకు తెలుగు నేర్పాలని పుట్టింటి నుంచి బొమ్మల అక్షరాల పుస్తకం తెప్పించాను. డిగ్రీ చదివిన తెలివి కదా, ఒక నియమం పెట్టాను: బొమ్మలోని వస్తువును నిజంగా ముట్టి వస్తేనే పేజీ తిప్పుతాను. పలక, ఆవు, మేక అన్నీ ముట్టింది.

ఆ మధ్యాహ్నం రైలు బొమ్మ చూపించి, అన్నం వార్చడానికి లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి సుధ లేదు. పెరటి తలుపు తీసి ఉంది. దాని వెనక పట్టాలే.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. ఆగి ఉన్న గూడ్సు చక్రం మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. అంతలో వ్యాగన్లు ధనధనమంటూ కదిలాయి. పక్క లైనులో పనిచేస్తున్న గ్యాంగ్‌మన్ ఒకాయన, మన తెలుగాయనే, దాన్ని రెక్క పట్టుకుని ఇవతలికి లాగేశాడు.

"ఏటమ్మా, పిల్లనిలా ఒగ్గేసి ఏటి సేత్తన్నావు?" అని కసిరాడు.

సుధ మాత్రం గ్రీజు చెయ్యి చూపించి, "ఛూ లియా అమ్మా! ముట్టేశాను, పేజీ తిప్పు" అంది.

పిల్ల తప్పిపోలేదు, నేను పంపిన చోటికే వెళ్లింది. ఇప్పటికీ గూడ్సు కదిలిన చప్పుడు వింటే, పాప పక్కనే నిద్రపోతున్నా చెయ్యి వేసి తడిమి చూసుకుంటాను.