ఇంజను లేని ఊరేగింపు

మొన్న విజయవాడలో మా మేనల్లుడు కారు కొంటూ, పెద్దవాణ్ణని నన్నూ షోరూముకు తీసుకెళ్లాడు. కారు మీద ఎర్ర పట్టుగుడ్డ కప్పి, పాట పెట్టి, ఉద్యోగులంతా వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. గుడ్డ లాగగానే రంగు కాగితాలు ఎగిరాయి. “కాస్త నవ్వండి మావయ్యా, ఫొటో తీస్తున్నారు” అన్నాడు వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంత ఆర్భాటం అయ్యాక బండి కదలకపోతే ఏం గతి అని గుండె దడదడలాడింది. ఆ దడ నాకు నలభై ఏళ్లకు పైగా చుట్టం.

కంకిపాడు అవతల మా ఊళ్లో అప్పట్లో కారున్నది మా ఇంట్లోనే. తాతగారి నాటి నుంచి ఎవరింట పెళ్లయినా పెళ్లికొడుకు విడిది నుంచి పందిరి దాకా మా నల్లకారులోనే వెళ్లాలి. నేను ఇంటర్‌కి వచ్చేసరికి పొలాలు చేతులు మారాయి, మేడ గోడలు పెచ్చులూడాయి, కారు అడగటానికి అరుగెక్కే జనం మాత్రం తగ్గలేదు. ఆ ఏడు ఇంజను పట్టేసింది. ఆటోనగర్ మేస్త్రి చూసి, “దీని పని అయిపోయిందండి” అని చేతులు తుడుచుకున్నాడు. ఆ మాట గుమ్మం దాటకముందే ఎదురింటి రైతు కూతురి పెళ్లికని కారు అడిగాడు. నాన్నగారు “అలాగే” అన్నారు. కాదంటే మా ఇల్లు కూడా అయిపోయిందని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది.

ఊరేగింపు ఎలాగూ నడక వేగమే కదా అన్నది ఆయన ధైర్యం. నన్నూ మా పాలేరునీ కారు వెనక నిలబెట్టి మూడు రోజులు పెరట్లో సాధన చేయించారు. “తోస్తున్నట్టు కనపడకూడదురా. ఎద్దు వీపు మీద చెయ్యేసి నడిచినట్టుండాలి. నడుం వంచావో, ఊరుకోను.” అన్నీ ఆలోచించారు గానీ, పెరట్లో కాలవ వంతెన లేదు.

పగటి లగ్నం. మేళం ముందు, కారు వెనక. నాన్నగారు పట్టు ఉత్తరీయంతో స్టీరింగు దగ్గర కూర్చుని, అడ్డం ఎవరూ లేకపోయినా హారను కొడుతున్నారు. వంతెన ఎత్తు సగం ఎక్కాక కారు ఆగి, మా మీదికే జారబోయింది. బ్రేకు పడింది. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఉయ్యూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనమామ కిటికీలోకి వంగి, “ఏమండీ, ఇంజను చప్పుడే లేదు?” అన్నాడు.

“మంచి ఇంజను అంతేనండి” అన్నారు నాన్నగారు. అని మళ్లీ హారను కొట్టారు.

అప్పుడు పెళ్లికూతురి తండ్రి పంచె ఎగగట్టి వెనక్కి వచ్చాడు. నా చెయ్యి పక్కనే, ఎద్దు వీపు మీద వేసినట్టు, తన చెయ్యి వేశాడు. “రండి బావగారూ, చూస్తారేంటి! పెళ్లికొడుకు బండిని వంతెన మీద మేమే దాటిస్తాం. ఇది మా ఊరి ఆనవాయితీ. మీరూ ఓ చెయ్యి వేస్తే మీకే శుభం!” మేనమామ నవ్వుతూ చెయ్యి వేశాడు. ఊరంతా వేసింది. అలాంటి ఆనవాయితీ ఏదీ లేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. నాన్నగారు తల తిప్పకుండా హారను కొడుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఏ పెళ్లయినా, ఎంత కొత్త కారయినా, వంతెన దగ్గర ఇంజను ఆపి తోస్తారు. ఎందుకని అడిగితే, తాతల నాటి నుంచీ ఉన్నదే అంటారు ఇప్పటి కుర్రాళ్లు. కాలం మా గుట్టును వాళ్ల ఆచారంగా మార్చి భద్రంగా దాచింది. ఆ ఇంజను సంగతి తెలిసిన మా ఇంటివాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. అక్కడ పెళ్లికి వెళ్లి నేనూ ఓ చెయ్యి వేస్తే, వంతెన దాటేదాకా నా నడుం ఇప్పటికీ వంగదు.