చివరి పొలానికి మొదటి వంతు

"ప్రస్తుతం ఈ స్థలాన్ని ఎవరు చూసుకుంటున్నారు?" అని ఆ రోజు అధికారి అడిగినప్పుడు నేను నోరు విప్పలేదు. అబద్ధం చెప్పలేదు, ఊరుకున్నాను, అంతేగా అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. అదీ నిజం కాదు. "ఈ స్థలానికి దిక్కూ దివాణం లేదు" అని అర్జీలో రాసింది నేనే. అధికారి చేతిలో ఉన్నది ఆ అర్జీయే. ఆ స్థలాన్ని చూసుకుంటున్న మనిషి, మేము కూర్చోవడానికి కుర్చీలు మోసుకొచ్చి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటూ షామియానా చివర నిలబడి ఉన్నాడు.

విజయవాడ దాటి కంకిపాడు వైపు కాలువ గట్టు వెంట వస్తుంటే పాత లాకుల పక్కన కనిపించే జాగా అది. కాలువ పూడిక తీసినప్పుడు ఆ మట్టి పోయడానికి సర్కారు వదిలిన చోటు. పోసిన మట్టిని చదును చేసి దాన్ని మైదానంగా మార్చింది మాత్రం సర్కారు కాదు, ఒక లస్కరు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకు గండి పడకుండా కాపలా తిరగడం లస్కరు పని. ఆయన ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యారు. ఉద్యోగం అయిపోయినా గట్టు వదల్లేదు. ఏటా ఎండాకాలం కాలువకు నీళ్ళు కట్టేశాక ఎండిన ఒండ్రుమట్టి తవ్వి తెచ్చి గుంతలు పూడ్చేవారు. నీళ్ళు చల్లి, ఎప్పటిదో నూర్పిళ్ళ రాతి రోలరును మరో ఇద్దరి సాయంతో లాగి అణగదొక్కేవారు. తొలకరికి ముందే మైదానం చుట్టూ ఉన్న బోదె తవ్వి, వాననీళ్ళు నిలవకుండా దారి తీసేవారు. పారా, పలుగు, సున్నం డబ్బా వాడకంలో లేని లాకుల గదిలో పెట్టుకునేవారు. ఇవన్నీ చేయమని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. వద్దన్నవాళ్ళూ లేరు, మేము వచ్చేదాకా.

ఆ గది తలుపు మీద సుద్దముక్కతో వంతులు రాసి ఉండేవి. నీళ్ళు చాలని ఏడాది కాలువకు వంతులు పెట్టినట్టే ఆయన మైదానానికీ పెట్టారు. పొద్దున్నే మొదటి వంతు ఆడపిల్లల కబడ్డీ జట్టుది. కంకిపాడు అవతల ఒక ఊరి నుంచి వాళ్ళ డ్రిల్లు టీచరమ్మ వాళ్ళను మొదటి బస్సులో తీసుకొచ్చేది. ఏడింటి తర్వాత ఎవరైనా సరే. కోతల రోజుల్లో పగలు రైతులు బరకాలు పరిచి ధాన్యం ఆరబోసుకునేవారు. సాయంత్రం వాలీబాల్. నేను గట్టు మీద నడిచి నడిచి అలిసిపోయి, ఆ గది మెట్టు మీద కూర్చుని, ఆయన ఫ్లాస్కులోని టీ తాగిన పొద్దులు ఎన్నో ఉన్నాయి. ఆయన ఏం చేస్తున్నారో నాకు తెలియదని ఎవరైనా అంటే అది నా మీద జాలితో అనాల్సిందే.

మైదానానికి ఎదురుగా అపార్టుమెంట్లు లేచాయి. మాదీ అందులోనే. మేము ఒక నడక సంఘం పెట్టుకున్నాం. పెద్ద హోదాలో రిటైరైన ఒకాయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఆఫీసులో సూపరింటెండెంటుని కాబట్టి అర్జీలు రాయడం నాకు వచ్చు. అదే నా అర్హత.

ఒకనాడు ఉదయం ఆరింటికి అధ్యక్షుడు చాపలు మోయించుకుని మైదానంలోకి వచ్చి లస్కరును పిలిచారు.

"ఏమయ్యా, ఇక్కడ మేము యోగా పెట్టుకుంటున్నాం. ఆ పిల్లల్ని కాస్త పక్కకి సర్దుకోమను."

"ఏడింటికి పెట్టుకోండి సార్. ఆ తర్వాత గ్రౌండంతా మీదే."

"ఏడుకి ఎండొస్తుందయ్యా!"

"మీకు ఎండండి, ఆళ్ళకి బస్సండి. బస్సు తప్పితే బడి పోద్ది. మీరు ఎదురుగానే ఉన్నారు, ఎప్పుడొచ్చినా జాగా ఉంటది. తూము పక్క పొలం కదండీ మీది."

లస్కరు అన్నదాంట్లో వెటకారం లేదు. వంతు పెట్టినప్పుడు మంచి లస్కరు మొదట చివరి పొలానికి నీళ్ళు పంపుతాడు. తూము పక్కవాడు ఎట్లాగూ తడుపుకుంటాడు. చివరి పొలం తడిస్తేనే కాలువ పారినట్టు. డెల్టాలో పుట్టినవాడికి ఎవడికైనా తెలిసే సంగతి. మా తాతలు పొలాలు చేసినవాళ్ళే. కానీ అధ్యక్షుడు మావైపు తిరిగి, "నన్ను పొలం అంటాడేంటండీ వీడు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నా పళ్ళు నేనే రాలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ పూటే టీ బండి దగ్గర అన్నారాయన, "సెక్రటరీ గారూ, కలం తియ్యండి. ఒక లస్కరు దగ్గర టైమడిగి నడవాలా మనం? దీనికో పద్ధతి రావాలి."

"ఆయన మీద రాస్తే బాగుండదేమోనండీ. పాపం, చేస్తున్నాడుగా."

"ఆయన మీద ఎవరు రాయమన్నారండీ మిమ్మల్ని? అసలు ఆ ఊసే ఎత్తకండి."

ఎత్తలేదు. ఒక మనిషి మీద ఫిర్యాదు రాస్తే విచారణ జరుగుతుంది, అతన్నీ పిలిచి నీ మాటేమిటని అడుగుతారు. అతను లేనేలేడని రాస్తే అడగాల్సిన పనే ఉండదు. ఉద్యోగమంతా ఫైళ్ళలో గడిపినవాణ్ణి, ఆ తేడా నాకు బాగా తెలుసు. తెలిసే రాశాను. "ప్రజల సౌకర్యార్థం" అని కూడా రాశాను. ప్రజలంటే మా లిఫ్టుల్లోంచి తెల్ల బూట్లతో దిగేవాళ్ళని నా కలానికి అప్పటికే తెలుసు.

ఇక ఆ మీటింగు. బడి ఉన్న రోజు, పదిగంటలకు పెట్టారు. టీచరమ్మ రాలేదు, రాలేదు కాదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. అధికారి ఆ ప్రశ్న అడిగారు. అధ్యక్షుడు నావైపు చూశారు. షామియానా చివర నుంచి లస్కరూ నావైపే చూశారు. నేను నా చేతి గడియారం వైపు చూశాను. "ఎవరూ లేరన్నమాట," అని అధికారి రాసుకున్నారు. అందరూ లేచి వెళ్ళాక ఆయన కుర్చీలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, మోసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత జరిగినదానికి అభివృద్ధి అని పేరు. మైదానాన్ని ఒక కాంట్రాక్టరుకు లీజుకిచ్చారు. గోడ కట్టారు, గేటు పెట్టారు. లాకుల గది తాళం పగలగొట్టి, ప్రభుత్వ గదిలో అక్రమంగా ఉన్న సామాను అని పారా పలుగూ పాత ఇనప సామాన్లవాడికి వేశారు. రాతి రోలరును ఏం చేశారో చెప్పడానికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దానికి గులాబీ రంగు పూసి, మీద పువ్వులు గీసి, పచ్చిక మధ్యలో నిలబెట్టి, సెల్ఫీ పాయింట్ అని బోర్డు పెట్టారు. లోపలికి రావాలంటే కార్డు ఉండాలి. కార్డు కావాలంటే ఊళ్ళో చిరునామా ఉండాలి. కబడ్డీ ఆడితే గడ్డి పాడవుతుందట, అందుకని కబడ్డీ లేదు. ధాన్యం ఆరబోస్తే అందం చెడుతుందట, అందుకని రైతులు మళ్ళీ రోడ్డు మీదకు పోయారు. వాళ్ళ వడ్ల మీద నుంచి మా కార్లే పోయాయి.

టీచరమ్మ ఒకరోజు గేటు దగ్గర నన్ను పట్టుకుంది. వెనక పిల్లలు మోకాళ్ళకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. గట్టు మీది కంకర రోడ్డులో ప్రాక్టీసు చేస్తున్నారు అప్పటికి.

"మీరు సెక్రటరీ గారు కదండీ? లోపల బోర్డు మీద ప్రజల కోసం అని రాసుందండీ."

"అవునమ్మా."

"మేమేంటండీ మరి? పశువులమా?"

నేను నా కార్డు గీసి లోపలికి వెళ్ళాను. అవును, వెళ్ళాను. నా నడక నాకుంది కదా. ఆ ఏడాది వాళ్ళ జట్టు పోటీలకు వెళ్ళలేదని తర్వాత విన్నాను. కొందరు పిల్లలు ఆట మానేశారు.

వానలు వచ్చాయి. నడకదారి కోసం బోదె పూడ్చేశారు కాబట్టి నీళ్ళు పోవడానికి దారి లేదు. పచ్చిక కుళ్ళింది, దోమలు లేచాయి, సెల్ఫీ పాయింట్ నడుము దాకా మునిగింది. కాలువ శాఖది బాధ్యత అన్నాడు కాంట్రాక్టరు. లీజిచ్చినవాళ్ళది అంది కాలువ శాఖ. తీసుకున్నవాడిది అన్నారు లీజిచ్చినవాళ్ళు. ఇన్ని సంతకాలు పడిన చోట బోదె తవ్వే చెయ్యి ఒక్కటీ లేదు. చివరికి లీజు రద్దయింది. స్థలాన్ని ఎవరికి అప్పగించాలో ప్రజల అభిప్రాయం వింటామని నోటీసు అంటించారు.

అధ్యక్షుడు స్వీటు డబ్బాతో మా ఇంటికి వచ్చారు. "ఈసారి మన సంఘానికే ఇమ్మని గట్టిగా రాయండి. ఇదివరకు చూసుకునే దిక్కే లేదన్న ముక్క ఎలాగూ ఉంది, దాన్నే పైన పెట్టండి."

నా వాక్యం నా ఇంటికే వచ్చింది. రాయలేదు. మర్నాడు బస్సెక్కి పామర్రు వెళ్ళాను.

లస్కరు పామర్రు దగ్గర ఒక పల్లెలో కూతురింట్లో ఉన్నారు. పెరట్లో బరకం మీద మినుములు ఆరబోస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి. బోదె పూడ్చేశారంట కదండీ?"

"పూడ్చేశారండీ."

"ఈశాన్యం మూల పల్లం. అక్కడ కదిపితే నీళ్ళు నిలబడిపోతయ్యి. అడిగుంటే చెప్పేవోణ్ణి."

ఎవరిని అడగాలి? లేని మనిషినా? అంతా చెప్పాను. అర్జీ రాసింది నేనేనని, తెలిసే రాశానని, తప్పయిందని, క్షమించమని.

ఆయన మినుముల్లోంచి ఒక రాయి ఏరి పారేశారు. "అది ఇక్కడెందుకండీ చెప్పడం? మా మినుములు వింటన్నయ్యి, అంతే. నేను లేనని ఊరందరి ముందూ చెప్పి, ఉన్నానని పెరట్లో చెప్తే ఎట్టాగండి?"

"ఆ అధికారి మారిపోయారండీ."

"కుర్చీ అదేగా."

వచ్చేముందు అడిగాను, ఆ జాగా ఎవరికివ్వాలని.

"ఎవరికీ ఇవ్వమాకండి. ఇస్తే పోద్ది. సర్కారు పేరునే ఉండనియ్యండి, బోదె తవ్వటానికి ఓ మనిషిని పెట్టమనండి. వంతులు మటుకు దూరాన్నించి వచ్చేవోళ్ళని అడిగి రాయమనండి. దగ్గరోళ్ళు ఎట్టాగూ తడుపుకుంటారు."

నేను ఆఫీసు చుట్టూ తిరిగి చేయగలిగింది ఒక్కటే, ఆ అభిప్రాయాల మీటింగును ఆదివారానికి మార్పించడం. ఎందుకని అధికారులు విసుక్కున్నారు. బడి ఉంటుందండీ అన్నాను. మీ సంఘంలో బడికి వెళ్ళేవాళ్ళెవరని నవ్వారు.

ఆదివారం. అదే మైదానం. బురద ఎండి పెళ్ళలు లేచిన నేల మీద అదే షామియానా. నేను కబురు పంపగా వచ్చిన టీచరమ్మ పిల్లలతో ఒక పక్కన నిలబడింది. పామర్రు నుంచి లస్కరూ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. అధ్యక్షుడు మా సంఘం సేవల గురించి మాట్లాడారు. కొత్త అధికారి ఫైలు తిప్పి, "లీజుకు ముందు దీన్ని ఎవరు చూసుకునేవారు? ఎవరూ లేరని ఉంది ఇందులో," అన్నారు.

నేను లేచాను. అధ్యక్షుడు నా చొక్కా అంచు పట్టుకుని, "కూర్చోండి సెక్రటరీ గారూ, నేను చెప్తాను," అన్నారు. ఆ చెయ్యి విదిలించుకున్నాను. అంత మర్యాదస్తుడి చెయ్యిని అంత మొరటుగా తోసేసినందుకు ఈ రోజుకీ నాకు బాధ లేదు.

"ఆ ముక్క రాసింది నేనండీ. అబద్ధమని తెలిసే రాశాను. ఈ నేల చదును చేసినవారు, బోదె తవ్వినవారు, ఎవరు ఎప్పుడు ఆడుకోవాలో న్యాయంగా వంతులు పెట్టినవారు ఒకరున్నారు. ఆ రోజూ ఇక్కడే ఉన్నారు. మాకు కుర్చీలు వేశారు. ఆయన వంతులు తప్పని మేమెవ్వరం అనలేకపోయాం, అందుకే ఆయన్నే లేకుండా చేశాం. ఈ పిల్లల వంతు దొంగిలించింది కాంట్రాక్టరు కాదండీ, మేము. నా మాట ఫైల్లో రాసుకోండి."

అప్పుడు వెనక్కి తిరిగాను. ఆయన లేచి నిలబడ్డారు, ఎందుకో, మర్యాదకు కాబోలు. అందరికీ వినపడేలా ఆయనతో అన్నాను.

"అయ్యా, మీరున్నారు. లేరని రాశాను. నన్ను క్షమించండి."